మా కారు తలుపు మీద బి.ఏ.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను: నేను బి.ఏ. ప్యాసయ్యాను! పందొమ్మిది వందల ముప్ఫైల నాటి ముచ్చటే గానీ, ఈ ఒక్క ముక్కా ముందు చెప్పకుండా ఆ కారు కథ నా నోట్లోంచి బయటికి రాదు. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ బడి గడప కూడా తొక్కలేదు మరి.

మా నాన్న ఏలూరులో జట్కా తోలేవాడు. కొల్లేరులో బాతుల వేటకు వచ్చే దొర ఒకాయన వాడి వాడి వదిలేసిన మోటారు కారు చవగ్గా దొరికితే కొన్నాడు. భీమడోలు స్టేషనులో దిగిన యాత్రికుల్ని అందులో ఎక్కించుకుని ద్వారకా తిరుమల తీసుకెళ్లేవాడు. అప్పటికే బురదా ఎండా కలిసి దాని రంగు తినేశాయి. అది ఆకుపచ్చ కారని నాన్న చెబితే నమ్మాలి. ఒళ్లంతా పొలుసులు లేచి చేప వీపులా ఉండేది. ఆనుకుంటే చొక్కాకి అంటుకునేవి.

ఒకసారి ఒక పెద్దావిడ ఎక్కబోతూ ఆగి, "ఏవండీ, కొండ దాకా ఉంటుందాండీ ఇది?" అని అడిగింది.

"ఎందుకుండదండీ! మీరు దేవుడికి మొక్కుకున్నారు, నేను ఇంజనుకి మొక్కుకున్నాను" అన్నాడు నాన్న.

ఇంతలో బస్సులొచ్చాయి. మా కారుకి బేరాలు తగ్గాయి. దాన్ని అమ్మితేనే నేను రాజమండ్రి వెళ్లి టీచరు ట్రైనింగులో చేరడం. అమ్ముడుపోకపోతే బి.ఏ. అయినా ఏలూరులో ఏదో కొట్లో కూర్చోవలసిందే. తాడేపల్లిగూడెంలో ధాన్యం వ్యాపారం చేసే ఒకాయన కారు చూడటానికి వస్తానని కబురు పంపాడు. ఆయన చూసి పారిపోకుండా ఉండాలంటే రంగు వేయించక తప్పదు.

కాలవ గట్టున పడవలకీ బళ్లకీ రంగులు వేసే సాయిబు గారిని పిలిచాం. ఆయన కారుకి ఎప్పుడూ వెయ్యలేదు. అయినా దాని చుట్టూ ఒకసారి తిరిగి, "చక్రాలున్నాయి కాబట్టి బండి. లోపల కూర్చుంటారు కాబట్టి పడవ. రెండూ నాకు వచ్చిన పనులేనండీ" అన్నారు.

ఇంటిల్లిపాదీ గరుకు కాగితాలు పట్టుకుని నీళ్లు పోసి రుద్దాం. ఆకుపచ్చ కింద ఎరుపు తేలింది. ఎరుపు కింద నీలం తేలింది. నాన్న రుద్దటం ఆపి, "ఓరి దీని దుంప తెగ! అమ్మిన ప్రతివాడూ రంగు వేసే అమ్మాడ్రా" అన్నాడు. మేం వేసింది నలుపు. దీపాలు పెట్టే వేళకి కొల్లేరు వైపు నుంచి సన్నపురుగులు వచ్చి తడి రంగు మీద వాలతాయని భయపడి, అమ్మ మా ఇంట్లో ఉన్న ఒక్క దోమతెరా తెచ్చి కారు మీద పందిరిలా కట్టించింది. "దోమలు మనల్ని కుట్టినా ఫరవాలేదు. ఇవాళ పెళ్లికూతురు ఇదే" అంది.

మర్నాడు సాయిబు గారు రెండో పూత వేస్తున్నారు. నేను స్టేషనుకి పరిగెత్తాను. మద్రాసు పేపరు మెయిలు రైల్లో వస్తుంది, పరీక్షల నంబర్లు అందులో పడతాయి. నా నంబరు ఉంది! మళ్లీ చూశాను, అక్కడే ఉంది. సోడా కొట్టతనికి చెప్పాను. టిక్కెట్లు అడిగే ఆయనకి ఆయన అడక్కుండానే చెప్పాను. దారిలో ఎదురైన పోస్టుమాన్‌ని ఆపి మరీ చెప్పాను. ఇంటికొచ్చి అరిచేసరికి అమ్మ ఏడుపూ నవ్వూ ఒకేసారి మొదలుపెట్టింది. నాన్న మాత్రం కారు దీపాన్ని గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. గుడ్డ ఆపి, "అయితే ఇంకేం చదవక్కర్లేదన్నమాట" అన్నాడు.

"ట్రైనింగు ఉంది కదా నాన్నా."

"ఆయ్, అదొకటుంది" అని మళ్లీ తుడవటం మొదలుపెట్టాడు.

సాయిబు గారు కుంచె పట్టుకుని వచ్చి, "బి.ఏ. అంటే ఎలా ఉంటుందండీ, రాస్తే?" అని అడిగారు. పుల్లతో నేల మీద ఆ రెండు ఇంగ్లీషు అక్షరాలూ గీసి చూపించి, మా మేష్టారికి చెప్పి రావాలని పేటలోకి పరిగెత్తాను.

తిరిగి వచ్చేసరికి కారుకి రెండు వైపులా, తలుపు నిండా, పసుప్పచ్చ రంగుతో, ఎర్రటి నీడ దిద్ది, బి.ఏ. అని రాసి ఉంది! జానెడు అక్షరాలు. వీధి వీధంతా వచ్చి చూస్తోంది.

"పేరు రాయకుండా పడవైనా బండైనా నా చేతి కింద నుంచి కదలదండీ. ఏం రాయమంటారని నాన్నగారిని అడిగితే అదే రాయమన్నారు" అన్నారు సాయిబు గారు.

నాన్న చేతులు కట్టుకుని చూసి మురిసిపోతున్నాడు. అమ్మే ముందుగా తేరుకుంది. "ఇదేం పనండీ! రేపు అమ్మే కారు మీద మనవాడి బి.ఏ. ఏంటండీ?"

నాన్నకి అప్పుడు గుర్తొచ్చి నెత్తి కొట్టుకున్నాడు. సాయిబు గారు కుంచె కింద పడేశారు. "అమ్మే బండా! ముందే చెప్పరేమండీ?"

"అమ్మకపోతే రంగెందుకయ్యా వేయిస్తాను!"

"అందరూ ఉంచుకోడానికే వేయించుకుంటారండీ నా దగ్గర!"

గుడ్డతో తుడవబోతే పసుపు నలుపులో కలిసి ఇంకా పాడయ్యేలా ఉంది. సరిగ్గా ఆరనిస్తే గానీ దాని మీద నలుపు వేయడానికి లేదు. నా రాజమండ్రి నా బి.ఏ. కిందే నలిగిపోయింది అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న రైలుకే ధాన్యం వ్యాపారి గారు దిగారు. పంచె ఎగ్గట్టి కారు చుట్టూ తిరిగి, తలుపు దగ్గర ఆగారు. వేలు పెట్టి చూస్తే వేలికి నలుపంటింది.

"ఏవండీ, ఇదేంటండీ?"

"మావాడు బి.ఏ. ప్యాసయ్యాడండి, నిన్ననే" అన్నాడు నాన్న. చెప్పకుండా ఉండలేకపోయాడు.

"కారు ప్యాసైందేమో అనుకున్నాను. రంగు కింద ఏముందండీ మరి?"

"ఎడం వైపు సొట్టలున్నాయండి. కింద ఎరుపు, నీలం కూడా ఉన్నాయండి."

ఆయన పెద్దగా నవ్వి, "అన్నీ చెప్పేస్తుంటే ఇంక రంగెందుకండీ వేయించారు? సరే, ఓసారి తోలి చూపించండి" అన్నారు.

నాన్న కారు ముందు హ్యాండిలు తిప్పి ఇంజను లేపాడు. భీమడోలు దారి పట్టాం. ఎండుగడ్డి వేసుకుని ఎదురొచ్చే ఎడ్లబళ్లు మామూలుగా మా రబ్బరు బూర ఎంత మోగించినా కదిలేవి కావు. ఆ రోజు మలుపులో ముందు బండతను తలుపు మీది ఇంగ్లీషు అక్షరాలు చూశాడు. తలపాగా సర్దుకుని, సర్కారు కారొస్తోందని వెనక వాళ్లకి అరిచి, ఎడ్లని గట్టు దించేశాడు. వరసగా బళ్లన్నీ దిగాయి. రైలు గేటు దగ్గర గేటుమాన్ నిలబడి సలాం చేశాడు. వ్యాపారి గారు వెనక్కి తిరిగి చూసుకున్నారు, ఆ సలాం ఎవరికా అని. తనకే అని తెలిశాక నిటారుగా కూర్చున్నారు.

తిరిగి వస్తూంటే నాన్న భయంభయంగా, "రంగు ఆరగానే మా సాయిబుని తాడేపల్లిగూడెం పంపి ఆ రాతలు కనపడకుండా చేయిస్తానండి" అన్నాడు.

"బాగుందండీ! ఊళ్ల మీద తిరిగి ధాన్యం చూసుకునేవాణ్ణి. బళ్లు దారివ్వక నా సగం ఆయుష్షు పోయింది. ఆ అక్షరాల్ని ముట్టుకుంటే బేరం లేదు" అన్నారాయన.

ఆ నెలాఖరున నాన్నా నేనూ రాజమండ్రి రైలెక్కాం. తాడేపల్లిగూడెంలో బండి ఆగితే నాన్న కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగాడు. స్టేషను బయట మా కారు నిలబడి ఉంది. నలుపు అక్కడక్కడ అప్పుడే పొక్కులు లేస్తోంది గానీ పసుపు అక్షరాలు మాత్రం మెరుస్తున్నాయి.

"ఎవరిదండీ ఆ కారు?" అని పక్కనున్న ప్రయాణికుడు అడిగాడు.

"కారు ఎవరిదైతేనేంటండీ," అని నా భుజం మీద చెయ్యి వేశాడు నాన్న, "ఆ రాసింది మాత్రం మావాడిదండి!"