మదార్ సాహెబ్ జువ్వలు, సెట్టి తూకం రాళ్లు

ఉదయగిరిలో మదార్ సాహెబ్ పేరెత్తితే జువ్వల సంగతే చెబుతారు. మనిషి బతికింది మాత్రం కాటాల మీద. బజారులో ప్రతి కొట్టు త్రాసూ, ప్రతి తూకం రాయీ ఏడాదికోసారి ఆయన చేతిమీదుగా పోవాల్సిందే. రాయి అన్నమాటే గానీ అది పోత ఇనుము. బరువు ఎక్కువైతే అడుగున ఆకురాయితో రాకాలి. తక్కువైతే అడుగునున్న గుంటలో సీసం కరిగించి పోయాలి. ఆ తర్వాత తూనికల ఆఫీసరు వచ్చి సీసం మీద ముద్ర కొడతాడు. ఇదీ పని. జువ్వలు సరదా. సరదాకు పెట్టిన బుర్రలో సగం పనికి పెట్టుంటే మిద్దె కట్టేవాళ్లమని భార్య జాన్‌బీ అనేది. ఆ ఇంట్లో మాటలు ఉర్దూ, తిట్లు తెలుగు.

"పిండి జల్లెడలో ఇనుము పోస్తావా? రేపు రొట్టెలో మేకులొస్తాయి, నములు."

"మేకులు కాదే, రజను."

"ఏదైనా నీ కడుపులోకే."

ఏటా దర్గా గంధం ఊరేగింపుకు ముందు ఒక జువ్వ ఎగరాలి. అది ఎగిరాకే గంధం కుండ నెత్తికెత్తుతారు. ఆ మొదటి జువ్వ ఉదయగిరివాళ్లదా, ఆత్మకూరువాళ్లదా అన్నది ముందురోజు సాయంత్రం తేలేది. రెండు ఊళ్లవాళ్లూ తలా ఒకటి కాలుస్తారు, పెద్దలు చూసి చెబుతారు. భక్తి పేరుతో జరిగే పోటీలన్నిటిలాగే ఇందులోనూ భక్తి తక్కువ, మీసం ఎక్కువ.

జువ్వ పైకి పోవడంలో గొప్పేమీ లేదు. సురేకారం, గంధకం, బొగ్గు సరిగ్గా నూరితే ఎవడిదైనా పోతుంది. పోతూ పోతూ వెనక ఏం రాలుస్తుందన్నదే లెక్క. మదార్ సాహెబ్ ఒకే కొలత గొట్టాలు చుట్టి, మందులో ఒక్కోదానికి ఒక్కో లోహం కలిపి, కొండ కింద మైదానంలో పొద్దు వాలాక కాల్చి చూసేవాడు. కమ్మరి కొలిమి దగ్గర దొరికే మెత్తని ఇనుప రజను ఎర్రగా, గరికపోచల్లా నేరుగా రాలేది. ఆత్మకూరు లేత్ షెడ్డు నుంచి తెచ్చిన స్టీలు రజనుకు చివర్లో చిన్న చీలికలు వచ్చేవి. ఇత్తడి పొడి ఉత్త పొగ. పెయింటు కొట్లో అమ్మే సిల్వర్ పొడి తెల్లగా ఒక్కసారి భగ్గుమని ఆరిపోయేది. "ట్యూబులైటు మాదిరి ఉండాది, పండగ మాదిరి లేదు" అని దాన్ని కొట్టిపారేశాడు. ముతకగా ఉంటే ఏ లోహమైనా కాలకుండానే కింద పడుతుంది, జువ్వ కూడా బరువెక్కి కుంటుతుంది. మరీ మెత్తనైతే గొట్టం నోటి దగ్గరే కాలిపోతుంది. జల్లెడ గొడవ అందుకే.

ఒకసారి తూకం రాయి రాకగా రాలిన పొడి కలిపి చూశాడు. ప్రతి రవ్వా కొంతదూరం పోయి మళ్లీ విచ్చుకుంది. రవ్వలోంచి రవ్వలు. పోత ఇనుముకే ఆ గుణం ఉందని తేలిపోయింది. ఆముదం పట్టించి దాస్తే తుప్పు కూడా పట్టదు.

అప్పటి నుంచి రాళ్లు కొంచెం ఎక్కువే అరిగేవి. కానీ రాకినంత మేరా సీసం పోసి, బరువు సరిచేసి ముద్రకు పెట్టేవాడు. ఎవరికీ నష్టం లేదు. తను నిజాయితీపరుణ్ణేనని ఆయన నమ్మకం, అందులో అబద్ధం కూడా లేదు.

డెబ్బయ్యెనిమిదిలో గంధం దగ్గర పడేసరికి ముద్రల పని అయిపోయింది. ఆత్మకూరువాళ్లు ఈసారి కొత్త సరుకు తెచ్చారని పుకారు. డబ్బాలో పొడి అడుగంటింది. సరిగ్గా అప్పుడే కిరాణా వ్యాపారి శ్రీమన్నారాయణ సెట్టి తన అయిదు కిలోల రాయికి నల్లరంగు వేసి పెట్టమని పంపాడు.

సెట్టి అరువడిగితే మొహం తిప్పుకునే మనిషి. నవ్వడం కూడా తూచినట్టే నవ్వేవాడు. కానీ తూకం దగ్గర మాత్రం ఆయనకు పొగరు. "నా రాయి మీద అనుమానముంటే నీ రాయి తెచ్చుకో" అని కొట్టు ముందే అనేవాడు. వరికుంటపాడు నుంచి కూడా జనం ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

ముద్ర పడిన రాయి అది. అడుగున రాకితే మళ్లీ సీసం పోయడానికి లేదు, ముద్ర చెడుతుంది. వచ్చే ఏడు ముద్రలప్పుడు సరిచేద్దాంలే అనుకున్నాడు మదార్ సాహెబ్. రాకాడు. గీతల మీద దట్టంగా నల్లరంగు పూసి పంపించాడు.

ఆ ఏడు మొదటి జువ్వ ఉదయగిరిదే. ఆకాశంలో పూలు విచ్చుకుంటుంటే సెట్టి కూడా వచ్చి భుజం తట్టాడు. "ఏం కలిపినావు మదారూ? బంగారం గాని కలిపినావా?" మదార్ సాహెబ్ జువ్వ కొస వంకే చూస్తూ నిలబడ్డాడు.

నెల తిరక్కముందే వరికుంటపాడులో టీకొట్టు నడిపే కోటమ్మ బెల్లం మూట చంకన పెట్టుకుని సెట్టి కొట్టు ముందు దిగింది. తీసుకుపోయిన ప్రతిసారీ చారెడు తగ్గుతోందట. సెట్టి అలవాటు ప్రకారం, "నీ రాయి తెచ్చుకో" అన్నాడు. ఆమె పక్క కొట్లోంచి రాయి తెప్పించింది. రెండు రాళ్లూ త్రాసులో చెరోవైపు పెడితే సెట్టి రాయి పైకి లేచింది.

జనం మూగారు. లారీ డ్రైవరు మాల్యాద్రి టీ గ్లాసుతో సహా వచ్చాడు.

"ఏంది సెట్టీ, నీ రాయి కూడా ఉపవాసముండాదా?"

సెట్టి ముఖం నల్లబడింది. "మదార్ సాయిబును పిలవండిరా. రాయి సరిచేసింది ఆయన. ఆయన చెప్తాడు."

మదార్ సాహెబ్ వచ్చాడు. సెట్టి ఆయన్ను చూడగానే తేలికపడ్డాడు. అదే భరించలేకపోయాడు సాహెబ్. "చెప్పు మదారూ. నీ చేతిలో తప్పు జరగదు గదా?"

చెప్పాల్సింది ఒక్క మాట. దాన్ని వదిలేసి ఇంకో మాట అన్నాడు.

"అరిగిపోయింటాది సెట్టిగారూ."

"ఇనుము ఏడాదిలో అరుగుతాదా?" కోటమ్మ గొంతు బజారు చివరిదాకా వినిపించింది. "ఇన్నాళ్లూ మమ్మల్ని అరగదీసినావు సెట్టీ, అదీ అరిగింది!"

ఆఫీసరు వచ్చి రాయి పట్టుకుపోయాడు, జరిమానా వేశాడు. ఆ తర్వాత సెట్టి కొట్టుకొచ్చినవాళ్లు త్రాసు ముల్లు వంక కాక సెట్టి వేళ్ల వంక చూడటం మొదలుపెట్టారు. మదార్ సాహెబ్ ఆ కొట్టు ముందు నుంచి పోవాల్సి వస్తే వెనక సందులోంచి పోయేవాడు. జాన్‌బీ పప్పు తెమ్మంటే ఒంట్లో బాగాలేదనేవాడు.

జరిమానా కట్టాక రాయి వెనక్కి వచ్చింది. సెట్టి కబురు పెడితే తప్పక వెళ్లాడు. కొట్లో ఎవరూ లేరు. రాయి బోర్లించి ఉంది, అడుగున రంగు గీకేసి ఉంది.

"అరిగితే నున్నగా ఉండాల. ఈ గీతలేంది మదారూ?"

సాహెబ్ కూర్చోలేదు. "జువ్వల కోసం" అన్నాడు.

సెట్టి రాయిని పక్కకు నెట్టాడు. "బంగారం కలిపినావా అని అడిగినాను నిన్ను."

"గీతలు చూసి కూడా ఎందుకు చెప్పలేదు ఎవరికీ?" అన్నాడు సాహెబ్.

"ఏమని చెప్పేది? దొరికిపోయిన సెట్టి, గంధానికి జువ్వ కాల్చే సాయిబు మీద తోసేసినాడంటారు. నాకా మాత్రం తెలీదా? నీ మీద ప్రేమతో ఊరుకున్నాననుకోబాక."

"నేను చెప్తా. బజార్లో అందరి ముందరా చెప్తా."

"చెప్పు. నేనొద్దన్నానా?"

సంతరోజు చెప్పాడు. మాల్యాద్రి, కోటమ్మ, ఇంకా సంతకొచ్చినవాళ్లు టీ అంగడి దగ్గరుండగా, నిలబడి, చేతులు కట్టుకుని, రాయి తనే రాకానని చెప్పాడు. ఎవరూ ఉలిక్కిపడలేదు. మాల్యాద్రి కన్నుగీటాడు.

"సెట్టి ఏమాత్రం ఇచ్చినాడు సాయిబూ?"

"అల్లా మీద ఒట్టు."

"అప్పుడు అరిగిందన్నావు, ఇప్పుడు రాకినానంటున్నావు" అంది కోటమ్మ. "రేపు ఉప్పు తగిలి కరిగిందంటావా? మంచోడివి, ఆయన కోసం నువ్వెందుకు నిందమోస్తావు?"

మదార్ సాహెబ్ ఇంటికి పరుగెత్తాడు. డబ్బాలో మిగిలిన పొడితో చేసిన జువ్వ తెచ్చి, పొద్దు వాలుతుండగా సంత మైదానంలో నిలబెట్టాడు. "చూడండి. ఈ పూలు పోత ఇనుముకే పూస్తాయి. ఇది సెట్టి రాయి. కళ్లతో చూడండి." నిప్పు పెట్టాడు. జువ్వ లేచింది. రవ్వలోంచి రవ్వలు విచ్చుకున్నాయి.

సంతంతా ఈలలు వేసింది. "ఇంకోటి వేయి సాయిబూ!"

ఆ రాత్రే మదార్ సాహెబ్ సెట్టి ఇంటిముందు నిలబడ్డాడు. వచ్చే వారం ఆత్మకూరు పోయి అక్కడా చెబుతానన్నాడు. సెట్టి గుమ్మం దిగలేదు.

"ఇంక చెప్పబాక మదారూ. నువ్వు చెప్పేకొద్దీ నేను డబ్బిచ్చి చెప్పిస్తన్నాననే పేరొస్తా ఉండాది. ఆ పూట చెప్పుంటే చెల్లేది."

"మరి నేనేం చెయ్యాల?"

"రాళ్లు నీకే పంపిస్తా. ఇంకోడికి పంపితే మళ్లీ ఏందో ఉండాదంటారు. పని చెయ్యి."

ఎనభైల్లో కూడా ముద్రల కాలం వస్తే సెట్టి రాళ్లు మదార్ సాహెబ్ ఇంటికే వచ్చేవి. సాహెబ్ మందులో రాళ్ల పొడి కలపడం మానేశాక గంధానికి మొదటి జువ్వ ఆత్మకూరువాళ్లది అయిపోయింది. సాహెబ్‌కు చూపు తగ్గిందని ఉదయగిరివాళ్లు జాలిపడేవాళ్లు. సెట్టి రాళ్లు ముట్టుకునే ముందు ఆయన వాటిని తెచ్చిన గుమస్తాను కాసేపు కూర్చుని పని చూసి పొమ్మనేవాడు.

"నీ దగ్గర చూసేదేముండాది సాయిబూ" అని గుమస్తా సైకిలెక్కి పోయేవాడు.