హార్మోనియం పక్కన సీటు వదిలిన ఈస్టర్

హావ్‌డాలో టికియాపారా రైల్వే క్వార్టర్సులో ఉండే మా తెలుగు సంఘం ఏటా ఈస్టర్ తెల్లవారుజామున పాడుకుంటూ గంగ ఒడ్డున రామకృష్ణపూర్ ఘాట్ దాకా నడుస్తుంది. మూడున్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది. పదకొండేళ్లుగా నేనూ వెళ్తున్నాను, కానీ టోటోలో, అంటే బ్యాటరీ రిక్షాలో. హార్మోనియం దొర్లిపోకుండా ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా, ఆ ఉద్యోగం నాదే. నడకకీ నాకూ ఉప్పూ నిప్పూ అని నలభై ఆరేళ్లు నమ్మాను. ఈ ఏడు షుగరు చూసి డాక్టరు నడవమన్నప్పుడు కూడా, నేను ఆ రకం మనిషిని కాదని చెప్పి వచ్చేశాను.

ఆ మాట మరియమ్మ పిన్ని చెవిన పడింది. ముప్పై ఏళ్లు కార్పొరేషన్‌లో వీధులూడ్చి రిటైరైన మనిషి. శనివారం సాయంత్రం మా గుమ్మంలో కూర్చుని నిలదీసింది.

“ఈస్టరు ముందు శ్రమదినాల కూటాలకి నలభై దినాలు ఇంటింటికీ ఎలగొచ్చినావే?”

“నడిచే.”

“సంకలో సాప, సేతిలో పాటల పుస్తకం. మూడంతస్తుల మెట్లు కూడా ఎక్కినావు. నడిసే మడిసంటే ఏటి, కొమ్ములుంటాయేటి?”

నిజమే, అన్ని సాయంత్రాలూ నడిచాను. దాన్ని ప్రార్థన అనుకున్నాను తప్ప నడక అని ఒక్కనాడూ అనుకోలేదు.

ఆదివారం నాలుగుంపావుకి బయల్దేరాం. హార్మోనియాన్ని పిన్ని పాత చీరతో సీటుకి కట్టేసింది, నేనూ నడిచేవాళ్లలో కలిశాను. హావ్‌డా మైదాన్ చేరేసరికి ఐదు కావస్తోంది, నా పిక్కలు పట్టేశాయి. టోటో నడిపే బాపీ దాదా పక్కకి వచ్చి ఆపాడు.

“ఉఠే పడున్ దీదీ, జాయ్‌గా ఖాలీ.”

ఎక్కమంటున్నాడు, సీటు ఖాళీగానే ఉంది. అబద్ధమెందుకు, ఒక కాలు లోపల పెట్టేశాను కూడా. ముందు పిన్ని వెనక్కి తిరగకుండా పాడుకుంటూ పోతోంది. ఇప్పుడు ఎక్కితే వచ్చే ఏడూ ఎక్కుతాను, ఆ పై ఏడూ ఎక్కుతాను. కాలు వెనక్కి తీసుకున్నాను.

“నా దాదా, హేఁటేయ్ జాబో,” అన్నాను. నడిచే వస్తానని.

ఘాట్ మెట్ల మీదికి చేరేసరికి ఐదున్నర, సూర్యుడు అప్పుడే పైకి వస్తున్నాడు. అందరితో కలిసి పాట అందుకున్నాను. ఎంతో సంతోషం వేసింది.

ప్రార్థన అయ్యాక పది రూపాయల మట్టికప్పు టీ తాగాం. తిరుగు ప్రయాణానికి అందరూ అలవాటుగా నాకోసం టోటో దాకా దారి వదిలారు. పిన్ని నన్ను పక్కకి నెట్టి వెళ్లి హార్మోనియం పక్కన కూర్చుంది.

“నాకు మోకాళ్లు లాగుతున్నాయి. నడిసేవోలు నడండి,” అంది, నా వైపే చూస్తూ.

నడిచాను, మళ్లీ మూడున్నర కిలోమీటర్లూ. సోమవారం డాక్టరు దగ్గరికి కూడా నడిచే వెళ్లాను. ఇన్నాళ్లూ నాకు లేనిది కాళ్లలో బలం కాదు, నడిచే మనిషన్న పేరు నాకూ చెల్లుతుందన్న ధైర్యం. మీరూ రోజుకి ఎన్ని మెట్లెక్కుతున్నారో, ఎన్ని సందులు తిరుగుతున్నారో ఒకసారి చూసుకోండి.

వచ్చే ఈస్టర్ నడకకి మీరు వచ్చేట్టయితే హావ్‌డా స్టేషన్ నుంచి టికియాపారాకి లోకల్ రైలుంది, కానీ అంత పొద్దున్నే నమ్మలేం, ముందురోజే వచ్చి ఉండండి. టోటోలో ఒక సీటు ఖాళీగా ఉంటుంది. అది మా పిన్నిది.