మంచు సరస్సు కథ, ముందుమాటతో సహా

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఎదురింటి మిత్రుడు కార్ల కంపెనీలో ఇంజనీరు. ఎనభైల మొదట్లో లేఆఫ్‌లు జోరుగా సాగుతున్నప్పుడు అతనికి మిలిటరీ ట్యాంకుల పనిలో చోటు దొరికింది. నమ్మదగ్గ మనిషేనని ప్రభుత్వం విచారించి ఇచ్చే సెక్యూరిటీ క్లియరెన్స్ వస్తేనే ఉద్యోగం. రాకపోతే ఇంటికే.

వాళ్ళమ్మాయికి పదేళ్ళు. తెలుగు చదవడం వస్తుందని నేనో బొమ్మల పుస్తకం ఇచ్చాను. విజయవాడలో చవగ్గా దొరికిన మాస్కో అచ్చు. బాల్టిక్ తీరం నుంచి శిలువ గుర్తులతో దండెత్తి వచ్చిన జర్మన్ యోధుల్ని ఒక రష్యన్ రాకుమారుడు గడ్డకట్టిన సరస్సు మీద ఓడించిన కథ. ఆ పిల్ల దాన్ని క్లాసులో చెప్పింది. ఎవడో "కామీ" అన్నాడట.

"కామీ అంటే కమ్యూనిస్ట్, అంకుల్. బట్ అప్పుడు కమ్యూనిస్టులు లేరు కదా?"

"లేరమ్మా. ఏడొందలేళ్ళ కిందటి మాట."

ఆ మాట తన క్లియరెన్స్‌కి అడ్డొస్తుందేమోనని వాళ్ళ నాన్నకి భయం పట్టుకుంది. ఎవరూ అడగకముందే ఆఫీసులో తనే చెప్పేస్తానన్నాడు.

"నోర్మూసుకుని కూర్చోరా. నిన్నెవడడిగాడు?" అన్నాను.

"దాచానంటే ఇంకా పెద్ద తప్పవుద్ది. నువ్వు దాన్ని ఇంగ్లీషులో రాసిపెట్టు. పిల్లల కథేనని వాళ్ళకే తెలుస్తుంది."

ఈ దేశం రాకముందు చాలా ఏళ్ళు దినపత్రికలో అనువాదాలు చేసినవాణ్ణి. వాక్యం వదిలేస్తే చీవాట్లు పెట్టే డెస్క్ మాది. వారం కూర్చుని మొత్తం రాశాను. మంచు పగలడం, ఇనుప కవచాల బరువుకి మనుషులు గుర్రాలతో సహా మునిగిపోవడం, అన్నీ. పుస్తకం మొదట్లో మాస్కో వాళ్ళు వేసిన ముందుమాట కూడా వదలకుండా ఇంగ్లీషు చేశాను. పడమటి నుంచి ఎవడొచ్చినా నేటికీ ఇదే గతి అని ఉంది అందులో. అక్కడ చెయ్యి కాసేపు ఆగింది. ఉన్నదున్నట్టు ఇవ్వడమే మన పని అనుకుని ముందుకు పోయాను.

అతను చదవకుండానే తీసుకెళ్ళి ఇచ్చేశాడు.

రెండు నెలలకు క్లియరెన్స్ ఇవ్వడం లేదని కాగితం వచ్చింది. కారణం రాయలేదు. ముందుమాట వల్లేనని రుజువు చెయ్యలేను. కాదని నమ్మనూ లేను.

నేను వెళితే అతని భార్య తలుపు దగ్గరే నిలబడి, "అన్నయ్యగారూ, ఆ ముందుమాట ఆయన నిన్ననే చదివారు" అంది. లోపలికి రమ్మనలేదు.

వేసవిలో ఇల్లు అమ్ముకుని ఇర్వింగ్ వెళ్ళిపోయారు. సామాను సర్దే రోజున సాయానికి వెళ్ళాను.

"ఒక్క పేజీ వదిలెయ్యలేకపోయావురా," అన్నాడు.

ఇచ్చేముందు నువ్వు చదవాల్సింది అని నోటిదాకా వచ్చింది. అతను దుప్పట్ల పెట్టె అందించాడు. ట్రక్కులో పెట్టాను.