ఉత్త గోలి

మొన్నొకరోజు వనపర్తిలో కొల్లాపూర్ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కిక్కిరిసిన జనంలోంచి ఆడవాళ్లకు జీరో టికెట్లు కొడుతూ వస్తున్న కండక్టరమ్మ నా సీటు దగ్గరికి రాగానే ఆగి, కమ్మీకి ఆనుకుని, భుజాన వేలాడే తోలుసంచీలోంచి ఆయాసానికి పీల్చే నీలిరంగు పంపు తీసి, ఊపి, నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చింది. కాసేపు ఊపిరి బిగబట్టి వదిలి, పంపును మళ్లీ చిల్లర పక్కనే పడేసి, ఎక్కడికి తాతా అని నన్ను అడిగింది. బస్సులో ఒక్కరూ ఆమెను వింతగా చూడలేదు. తల తిప్పుకున్నది నేనొక్కణ్ణే. అలాంటి పంపే నా చొక్కా లోపలి జేబులో రుమాలు చుట్టుకుని ఉంది. ఇన్నేళ్లయినా నలుగురిలో దాన్ని బయటికి తీయడానికి నా చెయ్యి రాదు.

నా ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతుంది. ఆ రోజుల్లో దమ్ము రోగం, అదే ఉబ్బసం, అంటే ఒక మచ్చ. టీబీ అనుకుని గ్లాసు వేరు పెట్టేవాళ్లు కొందరైతే, ఈ మనిషి కష్టానికి పనికిరాడని పెదవి చప్పరించేవాళ్లు కొందరు. అందులోనూ నేను ఊపిరి అమ్ముకుని బతికేవాణ్ణి. వనపర్తిలో మా మామూకు, అంటే మా అమ్మీ అన్నకు, పెళ్లి బ్యాండు ఉండేది. ఎర్ర కోటు, బంగారు రంగు గుండీలు, పక్కకు వంచి పెట్టుకునే టోపీ. నా చిన్నప్పుడే మా అబ్బా, అంటే నాన్న, పోతే మామూ నన్ను తన దగ్గరికి తెచ్చుకుని క్లారినెట్ చేతికిచ్చాడు. పెదవి ఎంత బిగించాలో, గాలి ఎక్కడ దాచుకోవాలో ఆయనే నేర్పాడు. గద్వాల, నాగర్‌కర్నూలు, ఇటు కృష్ణ ఒడ్డుదాకా ముహూర్తాల కాలమంతా మా వ్యాను తిరుగుతూనే ఉండేది. పెళ్లివారు పెట్టే బగారన్నం తిని, ఏ బడి వరండాలోనో నడుం వాల్చి, మళ్లీ వాయించేవాళ్లం. ఇప్పుడు తలచుకుంటే ఆ అలసట కూడా తియ్యగానే ఉంటుంది.

దమ్ము నాకు చిన్నప్పటినుంచీ ఉంది. అమ్మీ చెయ్యని మొక్కు లేదు, కట్టించని తాయెత్తు లేదు. పెద్దయ్యాక తగ్గిందనుకున్నాం గానీ, తగ్గలేదు, దాచడం నేర్చుకున్నానంతే. టపాకాయల పొగ తగిలితే, మిరపకాయలు ఆరబోసిన కళ్లాల పక్కనుంచి ఊరేగింపు పోతే, ఛాతీలో పిల్లి కూతలు మొదలయ్యేవి. అప్పుడు క్లారినెట్ నోట్లోనే ఉంచి వేళ్లు మాత్రం ఆడించేవాణ్ణి. పక్కన ట్రంపెట్ వాయించేవాడు పాట లాక్కుపోయేవాడు. జనానికి తెలిసేది కాదు. మామూ చెవికి మాత్రం తెలిసేది. పాట సన్నబడుతోందని ఆయన వెనక్కి తిరిగి చూస్తే నా బుగ్గలు ఉబ్బే ఉండేవి, శబ్దం ఉండేది కాదు. నేను పని ఎగ్గొడుతున్నానని ఆయన మనసులో పడిపోయింది.

గద్వాలలో ఒక పెద్దింటి పెళ్లిలో ఆ దాపరికం బయటపడింది. పొద్దుటిపూట ఎదుర్కోళ్లు. పెళ్లికొడుకు కారు దిగిన చోట టపాకాయల పొగ ఒకటే. పాట నడిమిలో నాకు గాలి అందలేదు. వేళ్లు ఆడించడానికి కూడా ఓపిక లేక ఒక బట్టల దుకాణం మెట్టు మీద కూలబడ్డాను. నోరు తెరుచుకుని, భుజాలు ఎగరేస్తూ, నడివీధిలో అందరి కళ్ల ముందూ. పెళ్లివారిలో ఒక పెద్దాయన, ఊపిరి లేనోడు బాజా ఎందుకు పట్టిండని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. తిరుగు ప్రయాణంలో మామూ వ్యానులో ముందు కూర్చుని, వెనక్కి చూడకుండానే అన్నాడు: "నీకు పనిమీద మనసు లేదు. గిదంత నాటకం." మరునాటినుంచి క్లారినెట్ ఇంకొకరికి పోయింది, నా చేతికి కంచు తాళాలు వచ్చాయి. నాటకం అన్న ఆ ఒక్క మాట నా లోపల మేకులా దిగిపోయింది.

అప్పటికి నాకు పెళ్లై ఏడాది కాలేదు. మా ఆవిడ పుట్టిల్లు నాగర్‌కర్నూలు. దమ్ము రోగానికి కొత్త మందు పరీక్షించడానికి పట్నం డాక్టర్లు అక్కడొక కేంద్రం తెరిచారని ఆమె విని వచ్చింది. నేను రానంటే రానన్నాను. పుట్టింటికి పోతున్నామని వాడలో చెబుదాం, ఎవరికీ తెల్వదు అని ఆమె నచ్చజెప్పింది. అలా, అత్తారింటికి పోయే అల్లుడిలా ఇస్త్రీ చొక్కా వేసుకుని, దొంగలా ఆ దవాఖాన మెట్లెక్కాను.

అక్కడొక డాక్టరు మేడం ఉండేవారు. నెమ్మది మనిషి. కాగితం దగ్గర పెట్టుకుని అంతా తెలుగులో చదివి వినిపించారు. పరీక్షలో చేరినవాళ్లందరికీ రెండు పూటలా పీల్చే మట్టిరంగు పంపు ఇస్తారు, దాన్ని సరిగ్గా పీల్చడం నేర్పుతారు. అది పాత మందే, అందరికీ ఒకటే. దానిపైన రోజూ ఒక గోలి. సగం మందికి కొత్త మందున్న గోలి, సగం మందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే, మందేమీ లేని ఉత్త గోలి. ఎవరికి ఏది పడిందో పరీక్ష ముగిసేదాకా ఆమెకూ తెలియదు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు. ఇదంతా ఆమె ఓపికగా చెబుతుంటే నేను తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను, తెలిసినవాళ్లెవరైనా వస్తారేమోనని. కొత్త మందు అన్న మాట ఒక్కటే చెవిన పడింది. సంతకం చేసేశాను.

ఊదే మిషను ముందు కూర్చోబెట్టినప్పుడు నా సిగ్గు చెప్పనలవి కాదు. క్లారినెట్ వాయించే మనిషిని, గొట్టంలో ఊదితే గీత సగం కూడా ఎక్కలేదు. నా వెనక బెంచీ మీద బల్మూర్ నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. బొంబాయిలో ఏళ్లకేళ్లు సిమెంటు మోసి, ఆయాసం మూటగట్టుకుని ఊరికి తిరిగొచ్చిన మనిషి. మెడలో నల్లదారానికి సిలువ. ఆమె ఊదడానికి కూర్చుంటే గది దద్దరిల్లేది, దగ్గు వస్తే దగ్గేది, నవ్వు వస్తే నవ్వేది. నేను మొహం గోడకు తిప్పుకుని పంపు పీల్చడం చూసి ఒకసారి అంది, "గీడ సిగ్గువడితె ఇంగెక్కడ పీలుస్తవ్ తమ్మీ?" తర్వాతి నెలనుంచి ఆమె పక్కనే కూర్చునేవాణ్ణి.

రెండు మూడు నెలల్లో నాకు ఛాతీ తేలికైంది. మెట్లెక్కితే ఆయాసం రాలేదు, పడుకుంటే పిల్లికూతలు లేవు. అదంతా గోలి మహిమేనని నాకు గట్టి నమ్మకం. పంపును పట్టించుకోలేదు. మేడం చెప్పారు కాబట్టి, మా ఆవిడ గుర్తు చేస్తుంది కాబట్టి అలవాటుగా పీల్చేవాణ్ణి. గోలిని మాత్రం బిస్మిల్లా అనుకుని వేసుకునేవాణ్ణి. ఒకరోజు మామూ ఇంటికి పోయి, అడక్కుండానే క్లారినెట్ తీసి పొడవాటి పాట ఒకటి ఆగకుండా వాయించాను. కొత్త మందు వచ్చింది మామూ, నా దమ్ము పోయింది అని గొప్పగా చెప్పుకున్నాను. ఆయన నా తాళాలు తీసి పెట్టెలో పడేసి, క్లారినెట్ నన్నే ఉంచుకోమన్నాడు.

పరీక్ష ముగిసింది. గోలీలు ఆపేసి, పంపు మాత్రం మానవద్దని చెప్పి పంపించారు. కొన్నాళ్లకు మళ్లీ పిలిచి, ఎవరికి ఏది పడిందో ఒక్కొక్కరికి చెప్పారు. బల్మూర్ అక్కకు కొత్త మందు పడింది. నాకు ఉత్త గోలి.

మేడం ఇంకా ఏదో చెబుతూనే ఉన్నారు, నాకు వినబడలేదు. మామూ మాట ఒక్కటే చెవుల్లో మోగుతోంది. ఏ మందూ లేని గోలీకి తగ్గిందంటే నాకు రోగమే లేదన్నమాట. గద్వాల వీధిలో కూలబడ్డది, చిన్నప్పుడు అమ్మీ ఒడిలో ఎగశ్వాసతో పడి ఉన్నది, అంతా నాటకమేనా? నాకు తెలియకుండా నేనే ఆడిన నాటకమా? సలాం కూడా చెప్పకుండా లేచి వచ్చేశాను. మెట్ల దగ్గర అక్క పిలిచినా ఆగలేదు. తిరుగు బస్సులో జేబులోని పంపు తీసి కిటికీలోంచి విసిరేశాను. ఉన్న రోగమైతే కదా మందు కావాలి. ఇంట్లో అడిగితే, రోజూ పీలుస్తున్నానని మా ఆవిడకు చెప్పాను.

మొదట్లో ఏమీ కాలేదు. అది చూసి నా అనుమానం ఇంకా బలపడింది. తర్వాత మామిడికాయలు దిగే రోజుల్లో కొల్లాపూర్‌లో పెళ్లి. ఛాతీలో మళ్లీ కూతలు మొదలైనా, ఇది నాటకం, ఇది నాటకం అని నన్ను నేనే అదిలించుకుంటూ వాయించాను. తోటల నడుమ ఎండలో ఊరేగింపు సాగుతుండగా కళ్లు బైర్లు కమ్మాయి. పెదవులు నీలంగా మారాయట, మాట రాలేదట. ఆ తర్వాతి సంగతులు నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. ముందు డోలు వాయిస్తున్న మామూ దాన్ని దించి పారేసి, నన్ను చేతులమీద ఎత్తుకుని పెళ్లివారి జీపులో వేశాడు. దారంతా నన్ను తన రొమ్ముకు ఆనించి కూర్చోబెట్టి, నా ఊపిరితో పాటు తనూ గట్టిగా ఊపిరి తీశాడట, అట్లా తీస్తే నాకు అందుతుందేమోనన్నట్టు.

మళ్లీ తెలివి వచ్చేసరికి దవాఖానలో ఉన్నాను, ముక్కూ నోరూ మూసే మాస్కు, అందులోంచి మందు పొగ. మంచం పక్కన ఎర్ర కోటులోనే మామూ. మాస్కు తీశాక, పంపు ఎందుకు విసిరేశానో ఆయనకూ, పరుగున వచ్చిన మా ఆవిడకూ చెప్పేశాను. మామూ నేల చూపులు చూస్తూ అన్నాడు: "నాటకమన్న నోరు నాదే బేటా. నువ్ గది నమ్మితివి." ఆయన కళ్లల్లో నీళ్లు చూడటం నాకు అదే మొదలు. సిగ్గుతో నేను మొహం గోడకు తిప్పుకున్నాను. ఆయన కూడా అటువైపు తిరిగాడు.

వారం గడవకముందే ఆయనే నన్నూ మా ఆవిడనూ నాగర్‌కర్నూలు తీసుకుపోయాడు. పంపు విసిరేసిన సంగతి మేడంకు చెప్పలేక నేను నసుగుతుంటే మా ఆవిడే చెప్పింది. మేడం కోప్పడలేదు. "మీ గోలి ఉత్తది. మీ జబ్బు ఉత్తది కాదు," అన్నారు. రోజూ పీల్చిన పాత మందే నా ఊపిరి గొట్టాల వాపును తీసేసిందని, దాన్ని సరిగ్గా పీల్చడం నేర్చుకుని తప్పకుండా వాడటం నాకు అదే మొదటిసారని విడమరచి చెప్పారు. అది ఆ రోజే చెప్పాను, మీరు లేచి వెళ్లిపోయారు అన్నారు. చివరికి తేలిందేమిటంటే, కొత్త గోలి పడినవాళ్లకూ ఉత్త గోలి పడినవాళ్లకూ పెద్ద తేడా కనబడలేదట. ఆ సంగతి తెలియాలంటే ఉత్త గోలి మింగిన నాలాంటివాళ్లు కూడా కావాలట. మామూ ఇదంతా చేతులు కట్టుకుని విన్నాడు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చమని మేడం ఈసారి నీలిరంగు పంపు కూడా ఇస్తే, అది ఎట్ల పీల్చాలో తనకూ చూపించమని అడిగాడు. బల్మూర్ అక్క ఆ రోజు అక్కడ లేదు. మళ్లీ ఎప్పుడూ కనబడలేదు. పిలిస్తే ఆగనందుకు ఆమెకు ఒక మాట చెప్పుకోవాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు వాయించాను. ఊరేగింపు ఏ మలుపు దగ్గరికో రాగానే మామూ చెయ్యెత్తి మేళాన్ని ఆపేసేవాడు. డోలు తాళ్లు వదులయ్యాయని పెళ్లివారికి చెప్పి, బిగిస్తున్నట్టు వంగి కూర్చునేవాడు. తక్కినవాళ్లు ఆయన చుట్టూ గుమిగూడేవారు. ఆ ఎర్ర కోట్ల చాటున నేను పంపు పీల్చుకునేవాణ్ణి. దాని గురించి మేమిద్దరం ఎన్నడూ ఒక్క మాట అనుకోలేదు. నా సిగ్గు పోగొట్టడం ఆయనకు చేతకాలేదు, అందుకని దానికి అడ్డం నిలబడ్డాడు.

ఇప్పుడు మా వైపు పెళ్లిళ్లలో ట్రాక్టరు మీద డీజే పెట్టెలు మోగుతున్నాయి, పాటకు ఎవరి ఊపిరీ అక్కర్లేదు. కోట్లు పెట్టెలో మగ్గి చివికిపోయాయి. మామూ పోయి చాలా కాలమైంది. ఈ కాలం పిల్లలు మందును మందులాగే చూస్తారు, అది మంచికే వచ్చిన మార్పు, కాదనను. నేను మాత్రం ఈ వయసులో కూడా ఆయాసం వస్తే జేబులో చెయ్యి పెట్టేముందు ఒక్క క్షణం ఆగుతాను. దాచుకోవాల్సిన పని ఇప్పుడు లేదని తెలుసు. నన్ను దాచే మనిషి లేడనీ తెలుసు.