ఆటు వేళ మొదటి చేప

జుబైల్‌లో ఫిట్టర్‌గా పనిచేసే జగిత్యాల మిత్రుడు సముద్రం చూడ్డానికి రమ్మన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. రియాద్‌లో, మలాజ్ పేటలో మేము పక్కపక్క గదుల్లో ఉన్నన్నాళ్లూ అతను టీకి పిలిచినా వెనక ఏదో ఒక పని ఉండేది. ఇప్పుడేమో జుబైల్‌కి ఉత్తరాన ఎక్కడో చిన్న ఊరట, అక్కడ తన బావ ఉన్నాడట, మడ చెట్లున్నాయట, తాజా చేప దొరుకుతుందట. "సముద్రం పక్క పుట్టినోనివి గదన్నా, దానికి మొఖం వాచిపోయి ఉంటవు. రా" అన్నాడు ఫోన్లో. మరీ తియ్యగా ఉందనే ఆ మాట నమ్మలేదు. అయినా నేను పనిచేసే పత్రికాఫీసులో ఊరు దాటడానికి అనుమతి కాగితం తీసుకుని గురువారం బస్సెక్కాను.

యుద్ధం ముగిసి అప్పటికి కొన్నేళ్లయింది గానీ ఆ తీరం వెంట ప్రయాణం ఇంకా తేలిక కాలేదు. జుబైల్ నుంచి మిత్రుడి కారులో వెళ్తుంటే చెక్‌పోస్టు దగ్గర సైనికుడు ఆపాడు. నా నివాస కార్డు ఇకామాలో వృత్తి చదివి, వంగి నా ఒళ్లో సంచీ చూశాడు.

"కెమెరా ఉందా?"

లేదన్నాను.

"మరి సముద్రం దగ్గర నీకేం పని?"

చూడ్డానికి అన్నాను. నా చెవికే అది అబద్ధంలా వినిపించింది. మిత్రుడు స్టీరింగ్ మీదుగా వంగి, వచ్చీరాని అరబ్బీలో "చేపలు తింటాం, పోతాం" అన్నాడు. సైనికుడు నవ్వి వదిలేశాడు.

ఊరు రోడ్డు చివర ఉంది. సిమెంటు ఇటుకల ఇళ్లు, ఒక మసీదు, ఐసు అమ్మే కొట్టు, ఇసుకలోకి లాగిపెట్టిన పడవలు. ఊరి వెనక ఉప్పునేల, దాని అవతల మడ చెట్లు. ఆకుల మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. కాకినాడ వైపు నేను ఎరిగిన మడ చెట్లతో పోలిస్తే ఇవి పొట్టివి, నా నడుము దాటవు. దూరంగా తేట నీళ్లలో రాజహంసలు తలలు వంచి తింటున్నాయి. చూడ్డానికి బాగానే ఉంది. కానీ యుద్ధంలో సముద్రంలోకి వదిలిన చమురు కొట్టుకొచ్చింది ఈ ఒడ్డుకే. ఆ వార్తలకు రియాద్‌లో కూర్చుని నేనే శీర్షికలు పెట్టాను. పోటు నీరు వచ్చి ఆగేచోట నల్లటి పెచ్చు ఇంకా ఉంది. చెప్పు మొనతో గీకితే కింద మెత్తగా, వాసనగా తగిలింది. ఒకవైపు బురదలో పీతలు తిరుగుతున్నాయి, పక్కనే అలాంటి బురదలో ఒక్క బొరియ కూడా లేదు. ఏ బురద బాగుపడిందో ఏది పడలేదో పైకి తెలియడం లేదు.

మిత్రుడి బావ నలభై దాటిన మనిషి. సొంతూళ్లో చెరువుల్లో చేపలు పట్టే కుటుంబం. ఇక్కడ ఒక ముసలి అరబ్బు దగ్గర హద్రా చూసుకుంటాడు. హద్రా అంటే తీరానికి దగ్గర్లో, లోతులేని నీళ్లలో ఖర్జూరపు మట్టలతో కట్టిన దడి. పోటు మీద చేపలు లోపలికి వస్తాయి. ఆటుకి నీరు వెనక్కి తీస్తుంటే దడి వెంట తిరిగి తిరిగి చివరి గదిలోకి చేరతాయి, దారి దొరకదు. అప్పుడు మోకాలి లోతు నీళ్లలో దిగి గంపలోకి ఏరుకోవడమే.

తన గదిలో మాకు చింతపండు పులుసు పెట్టాడు. నేను ముక్క తీసి, నోట్లో పెట్టుకునే ముందు వాసన చూశాను. అతను చూశాడు. మిత్రుడి వైపు తిరిగి కళ్లెగరేశాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

"అన్నా, సాయంత్రం ముసలాయన వస్తడు. మా బావకు నువ్వు జర మాట్లాడిపెట్టాలె" అన్నాడు మిత్రుడు.

"ఏం మాట్లాడాలి?"

"దొంగతనం చేస్తున్నడని అనుమానం. ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతా అంటున్నడు. ఎగ్జిట్ మీద పోతే మళ్లొచ్చే ముచ్చట లేదు. ఇంటికాడ అప్పు కట్టేది సగమే అయింది."

ఎవరో చూసి ముసలాయనకి చెప్పారట: నీ మనిషి ప్రతి ఆటుకీ ఒక చేప తీసి దడి మీంచి సముద్రం వైపు విసురుతున్నాడు, అటు పడవలో ఎవరో ఉండి పట్టుకుంటున్నారు, అని. పడవ సంగతి అబద్ధమన్నాడు బావ. మరి విసరడం?

"చిన్న చేపలు సార్. పెరగనీ అని ఇడిచిపెడత."

"మొన్న హమ్మూర్ చేప పెద్దదే ఇసిరినవని నువ్వే అంటివి గదనే బావా!" అన్నాడు మిత్రుడు.

"నువ్వు నోరు మూస్కోరా జర."

పత్రికలో ఇన్నేళ్లు చేశాక ఒకటి అలవాటైంది. మనిషి మాట మారిస్తే అడగడం మానేసి ఊరుకోవడం. పులుసు ముక్కలో ముల్లు తీస్తూ కూర్చున్నాను. అతను అన్నం కలుపుతూ కలుపుతూ ఆగాడు.

"మొదటి చేప గంగమ్మది సార్. మా తాత నుంచి గంతే. చిన్నదా పెద్దదా అని చూడం. చేతికి మొదలు ఏదొస్తే అది నీళ్లల్ల ఇడిచిపెట్టాలె. గా మాట ఈడ ఎట్ల చెప్పాలె? ఏ దేవత, ఏం పూజ అంటే ఎక్కడికి పోతది ముచ్చట?"

"మరి ఆయన అడిగితే ఏం చెప్పావు?"

"నూనె వాసన కొట్టింది, అందుకే పారేసిన అని చెప్పిన."

మిత్రుడు తల పట్టుకున్నాడు. నాకూ అప్పుడర్థమైంది. ఆ తీరంలో అంతకన్నా చెడ్డ అబద్ధం లేదు. యుద్ధం తర్వాత ఎన్నాళ్లో ఈ చేపలు ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడిప్పుడే కొంటున్నారు. ఆ హద్రాలో చేప నూనె వాసన కొడుతుందని ఊళ్లో మాట పడితే ముసలాయన దడి పీక్కోవాల్సిందే. దేవతని దాచబోయి ఇతను యజమాని కూడు మీద చెయ్యేశాడు. పైగా, ఇతని తరఫున మాట్లాడ్డానికి వచ్చిన నేను పత్రికవాణ్ని.

"నేను పత్రికలో చేస్తానని ఆయనకి చెప్పారా?"

"లేదన్నా. ఆఫీసుల పని అన్న" అన్నాడు మిత్రుడు.

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఒడ్డున చాప మీద కూర్చున్నాం. ముసలాయన సన్నని మనిషి, ఒక కంటికి పొర కమ్మింది. తన చేత్తో కాఫీ పోసి నాకే మొదట ఇచ్చాడు. కొంచెం సేపు మా ఊరి సముద్రం గురించి అడిగాడు. లోతెంత, ఏ చేప దొరుకుతుంది అని. తర్వాత అదే గొంతుతో, "చెక్‌పోస్టులో ఉన్నది మా చెల్లెలి కొడుకు. పత్రికవాడివట. మా చేపల గురించి రాయడానికి వచ్చావా?" అన్నాడు.

మిత్రుడు చూపు తిప్పేసుకున్నాడు. రాయను అన్నాను.

"రాయడానికి కాకపోతే ఇంత దూరం ఎందుకు?"

చూడ్డానికని మళ్లీ అదే మాట అన్నాను. ఆయన కప్పు కింద పెట్టి, పొడుగు చొక్కా తోబు అంచు నడుముకి దోపుకుని లేచాడు. "పదండి. నీళ్లు దిగాయి."

నలుగురం దడి వెంట నడిచాం. పాదాలు బురదలో దిగబడుతున్నాయి. చివరి గదిలో చేపలు ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటున్నాయి. ముసలాయన బావకి చెయ్యి చూపించాడు. బావ వంగి, చేతికి దొరికినది పైకి తీశాడు. సాఫీ చేప, జానెడుంటుంది. ముసలాయన దాన్ని లాక్కుని నా ముక్కు కింద పెట్టాడు.

"నువ్వు చెప్పు. నూనె ఉందా?"

ఉందంటే ఆయన చేపలన్నీ చెడ్డవి. లేదంటే బావ దొంగ. వాసన చూశాను. ఉప్పు, పచ్చి చేప, అంతే.

"లేదు. మంచి చేప" అన్నాను. నాకొచ్చిన అరబ్బీలో మెల్లగా చెప్పుకొచ్చాను: "ఇతను మీతో అబద్ధం చెప్పాడు. చేపలో నూనె ఎప్పుడూ లేదు. వీళ్ల ఇంట్లో ఒక అలవాటు. మొదట చేతికొచ్చిన చేపని తిరిగి నీళ్లలో వదులుతారు. చెప్పడానికి భయపడ్డాడు."

"వదులుతారా? ఎవరికి?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. బావ నన్ను దాటి ముందుకొచ్చాడు. "నీళ్లకి, బాబా" అన్నాడు.

"నీళ్లకి చేప తక్కువైందా? నీళ్లూ చేపా అన్నీ అల్లావి."

బావ తల దించుకున్నాడు. ముసలాయన చేతిలో చేప ఇంకా కొట్టుకుంటోంది. ఆయన మంచి కన్ను బావ మీద, తర్వాత నా మీద, మళ్లీ బావ మీద ఆగింది.

"ఈ దడి ఎవరిది?"

"నీది బాబా."

"మరి నా చేప నువ్వెలా ఇస్తావు? ఇవ్వాలంటే నీది ఇవ్వు. రోజూ కూరకని ఒక చేప నీకు ఇస్తున్నానా లేదా?"

"ఇస్తున్నవు బాబా."

"ఇవాళ్టిది ఇదే." చేపని బావ చేతిలో పెట్టాడు. "తింటావో విసురుతావో నీ ఇష్టం. ఊళ్లో మాత్రం నూనె మాట ఇంకోసారి వినబడితే అదే రోజు విమానం ఎక్కిస్తాను."

బావ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అటు తిరిగి, దడి మీంచి చేపని విసిరాడు. పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. ముసలాయన వెంటనే దడి పట్టుకుని మునివేళ్ల మీద లేచి, చేప పడిన వైపు చాలాసేపు చూశాడు. నేనూ చూశాను. అటు నీళ్లు తప్ప ఏమీ లేదు. ఆయన ఒళ్లు మాత్రం సడలలేదు. గంప నిండేదాకా పక్కనే నిలబడి, గంప వెనకే ఒడ్డు దాకా నడిచాడు.

"రేపు కూడా వస్తాను" అన్నాడు వెళ్తూ.

"రా బాబా" అన్నాడు బావ.

కాళ్లు కడుక్కుంటుంటే మిత్రుడు గొణిగాడు. "మరి రాత్రికి కూర?"

"పప్పేరా" అన్నాడు బావ. "రేపూ పప్పే."