ఎడమచేతి ముద్ద

మా అత్తగారు పోయారన్న కబురు నర్సీపట్నంలో అందరికీ తెలిసిందే. దూరాన ఉన్నవాళ్లకూ, ఆవిడ చేతి అన్నం తిని వెళ్లినవాళ్లకూ తెలియాలని ఇది రాస్తున్నాను. మొన్న ఆషాఢంలో పక్షవాతం వచ్చింది. ముందు నోరు పోయింది, తరవాత ప్రాణం పోయింది. నోరు పోయినందుకు ఆవిడ పెద్దగా బాధపడి ఉండరు. దానితో ఆవిడకి ఏనాడూ అంత పని పడలేదు.

మా ఇంట్లో మామగారి ఎదుట ఆడవాళ్లు గొంతు విప్పరు. కాపరానికొచ్చిన కొత్తలో, ఇదేం ఇల్లురా భగవంతుడా అని నాకు ఏడుపొచ్చింది. అత్తగారు మాత్రం తలుపు చాటున నిలబడి, వేళ్లతోనే ఇంత సంసారాన్నీ నడిపేవారు. మంచినీళ్లకి ఒక వేలు, విస్తళ్లకి అరచెయ్యి. వేళ్లన్నీ ముద్ద పట్టినట్టు దగ్గరికి చేర్చి నడుం దగ్గర ఒక్కసారి ఊపారంటే, వెళ్లి అన్నం తిను, ఇక్కడ నేను చూసుకుంటాను అని. మగవాళ్ల భోజనాలు కాకుండా కోడలు తినడమేమిటని ఊరంతా ముక్కున వేలేసుకుంటుంది కదా. అందుకని ఆ మాట ఆవిడ ఏనాడూ పైకి అనలేదు. అది మా ఇద్దరికే తెలిసిన సంగతి.

తను చెప్పడం ఒక ఎత్తు, ఎదుటివాళ్లని చదవడం ఇంకో ఎత్తు. మన్యంలో దొరల మీద తిరుగుబాటు, అదే పితూరీ, నడిచిన రోజుల్లో మా అరుగు మీదికి ఎవరెవరో వచ్చి కూర్చునేవారు. ఆవిడ వాళ్ల మొహాలు చూసేవారు కాదు, చెప్పులు చూసేవారు. వీధివైపు తిప్పి విడిచినవాడు నిలిచేవాడు కాదని మజ్జిగ ఇచ్చి పంపెయ్యమనేవారు. లోపలివైపు విడిచినవాడు ఆకలితో వచ్చాడని విస్తరి వెయ్యమనేవారు. మా ఆయన పేకాటకి వెళ్లొచ్చి ఎన్ని కథలు చెప్పినా, చెవి తడుముకోగానే ఆవిడ నా వంక చూసి నవ్వేవారు. పాపం, ఆయనకి ఆ చెవి సంగతి ఇప్పటికీ తెలియదు.

కొయ్యూరు కొండల నుంచి ఒకావిడ విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు తెచ్చేది. ఒకసారి ఆమె నడుం వంచకుండా గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది. నేను బేరం మొదలుపెట్టబోతే అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని ఆపారు.

"బేరం తరవాత సూద్దుం. ముందు అంబలి తే. అది ఒట్టి మనిషి కాదే."

ఎలా తెలిసిందండీ అని తరవాత అడిగాను. "నోరు దాస్తాది గానీ నడుం దాస్తాదేటే" అన్నారు.

నా నడుమూ దాచలేదు. నాకు మొదటి కడుపు నిలవలేదు. ఆ రోజుల్లో ఇంట్లో వరసగా వ్రతాలు, నేను ఉపవాసాలుండి కళ్లు తిరిగి పడిపోయాను. ఆకలితో ఉంటే మళ్లీ వచ్చే కడుపూ దక్కదని మంత్రసాని గట్టిగా చెప్పింది. ఈ వైశాఖంలో నెల తప్పినప్పుడు భయంతో ఎవరికీ చెప్పలేదు, మా ఆయనతో సహా. పెరటి మెట్టు దిగుతూ గోడ మీద చెయ్యి వేశాను, అంతే. అత్తగారు ఆ చేతిని చూశారు. ఆ రోజు నుంచి ముద్ద పట్టిన వేళ్లు పూటకి రెండుసార్లు ఊగేవి.

పక్షవాతం కుడివైపు కొట్టింది. పోయే రోజున పొద్దుటి నుంచీ ఆవిడ ఎడమచెయ్యి లేపి, వేళ్లు మూసి, ఊపుతూనే ఉన్నారు. అందరూ మంచం చుట్టూ ఉన్నారు. అమ్మ తాళంచేతులు అడుగుతోందని మా ఆడపడుచు వాటిని తెచ్చి ఆ గుప్పిట్లో పెట్టింది. జారవిడిచేశారు. తులసి నీళ్లు పోశారు. చెయ్యి ఆగలేదు. కొయ్యూరు దగ్గర పనిలో ఉన్న పెద్దకొడుకు, మా బావగారి కోసం ఊపుతున్నారన్నారు. మా ఇంట్లో ఎవరు పోయినా పెద్దకొడుకే తలకొరివి పెట్టాలి, ఆయన రావాలి. అంతదాకా శవం లేవదు, శవం లేచేదాకా ఇంట్లో పొయ్యి వెలగదు, ఎవరూ మెతుకు ముట్టరు.

ఎడమచేత్తో అన్నం చూపిస్తారని ఎవరనుకుంటారు. నాకూ వెంటనే తట్టలేదు. ఆవిడ కళ్లు మాత్రం మా ఎవరి మొహం మీదా లేవు. నా చెయ్యి నా పొట్ట మీద ఉంది, అక్కడున్నాయి. అప్పుడు తెలిసింది. నేను లేచి వంటింటివైపు అడుగేశాను. వెనక్కి తిరిగి చూస్తే ఆ చెయ్యి పక్కమీదికి దిగింది.

చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తిన్నాను. ఇంకా నాలుగు ముద్దలుండగా ఏడుపులు వినిపించాయి. ఆవిడ మాట కాదని లేవలేకపోయాను. తినేసి, చెయ్యి కడుక్కుని, అప్పుడు వెళ్లి ఏడ్చాను.

బావగారు మర్నాటి సాయంత్రానికి గాని రాలేదు. అందాకా నేను నిలబడగలిగాను. పన్నెండో రోజున మా ఆడపడుచు అందరి ముందూ అంది: "అమ్మ అక్కడ పోతంటే నీకు అన్నం ఎలా దిగిందే వదినా?"

ఆ వేళ్ల సంగతికి నేను తప్ప వేరే సాక్షి లేరు. ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది, ఆవిడ అన్నది నిజంగా అదేనా, నాకు ఆకలేసి అలా అనిపించిందా అని. ఆ అనుమానం వచ్చిన రోజు చాలా భయమేస్తుంది.

ఆవిడ గది వంటింటికి ఎదురుగానే ఉంది. ఎవరు తలుపు వేసినా నేను వెళ్లి తీస్తాను. ఇప్పుడు నాకు ఐదో నెల. పొద్దున్నే, మగవాళ్లకంటే ముందు, ఒక్కదాన్నే పీట వేసుకుని కూర్చుంటాను. ముద్ద కలిపి తలెత్తేసరికి ఆ గదిలో, ఖాళీ మంచం మీద, ఎడమచెయ్యి లేచి ఉంటుంది. నేను విస్తరి ఖాళీ చేసేదాకా దిగదు.