పెద్దమ్మ టీవీలో అరిగిన అక్షరాలు

టీవీని మాటిమాటికీ ఆపి వేయకూడదని మా పెద్దమ్మకు చెప్పింది నేనే. తెనాలిలో మా పాత డబ్బా టీవీ పదకొండేళ్లు పనిచేసింది. దాన్ని పొద్దున ఒకసారి వేసి, పడుకునేముందు ఒకసారి ఆపేవాళ్లం. పక్కింటివాళ్లు గంటకోసారి ఆపి వేసేవాళ్లు, వాళ్ల పిక్చర్ ట్యూబు నాలుగేళ్లకే పోయింది. ఆ రెండు అంకెల మీద ఒక సూత్రం కట్టుకుని అందరికీ చెబుతుండేవాడిని.

పెద్దమ్మ రేపల్లెలో ఉండేది. మిషన్ స్కూల్లో నలభై ఏళ్లు చదువు చెప్పి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. చెవులు దాదాపు పూర్తిగా పోయాయి. రెండు వేల ఆరు, ఏడు ప్రాంతంలో పాత విద్యార్థులంతా కలిసి ఆమెకు ప్లాస్మా టీవీ కొనిచ్చారు. ఆ వీధిలో గోడకు వేలాడే టీవీ అదొక్కటే. వార్తలు వినబడవు కాబట్టి, తెర అడుగున వేసే వాక్యాలు చదువుకునేది. ఊరి సంగతులూ రాజకీయాలూ అన్నీ ఆమెకు ఆ అడుగు పట్టీలోంచే వచ్చేవి. నా మాట ప్రకారం పొద్దున ఆరింటికి వేస్తే రాత్రి ఎనిమిదింటికి ఆపేది. మధ్యాహ్నం కునుకు తీసినా తెర వెలుగుతూనే ఉండేది. ఎప్పుడూ ఒకటే ఛానల్.

రెండేళ్లకు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాసింజరెక్కి వెళ్లాను. కూర్చోకముందే అడిగింది.

"ఏరా, ఈ ఛానల్ వాళ్లు మనుషుల పేర్లు చెప్పడం మానేశారా ఏంటి? పొద్దున్నించీ ఎవరో పోయారంటున్నారు. ఎవరు పోయారో తెలిసి చావదు."

తెర చూస్తే విషయం తెలిసింది. ఆ ఛానల్ వాళ్లు అడుగున ఎడమ పక్క 'తాజా వార్తలు' అని తెల్లటి అక్షరాలతో ఒక గుర్తు వేసేవారు. ఈమధ్య దాన్ని తీసేసి, వాక్యాన్ని ఆ మూల నుంచే మొదలుపెడుతున్నారు. గుర్తు పోయినా దాని అచ్చు తెరలో ఉండిపోయింది. కేబుల్ వైరు పీకితే తెరంతా నీలంగా అయింది, ఆ నీలంలో 'తాజా వార్తలు' మసగ్గా కనబడింది. ప్రతి వాక్యంలో మొదటి మాట దాని కింద నలిగిపోతోంది.

తెనాలి నుంచి నాకు తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్లాను. ఆయన నీలం తెర మీద వేలు పెట్టి చూపించాడు.

"అందరూ తెర లోపలి గ్యాస్ అయిపోయింది అనుకుంటారన్నా. గ్యాస్ కాదు. లోపల వెలిగే మందు పూత ఉంటుంది, అది వాడేకొద్దీ అరుగుతుంది. ఈ అక్షరాలు పొద్దస్తమానం తెల్లగా వెలిగాయి, అక్కడ ఎక్కువ అరిగింది. గుమ్మం మెట్టు నడిమధ్య అరగదా, అట్లా."

"మరి ఆపి వేస్తే పోతుందన్నది?"

"అది డబ్బా టీవీల మాట. దీన్ని ఎవరు అన్ని గంటలు ఆపకుండా ఉంచమన్నారు?"

ఆ ప్రశ్న పెద్దమ్మకు వినబడలేదు.

మెట్టు పోలిక మాత్రం నన్ను వదల్లేదు. మధ్యలో అరిగిన మెట్టును సమం చేయాలంటే రెండు పక్కలా కూడా అరగదీస్తే సరి. కరెంటు కోత తీసేస్తే రోజుకు పన్నెండు గంటలు, రెండేళ్లకు 8,760. మిగతా తెర బొమ్మల్లో సగం వెలుతురుతో వెలిగి ఉంటుందనుకున్నాను. అంటే తేడా 4,380 గంటలు. ఫొటో స్టూడియోలో ఆ అచ్చును ఫొటో తీయించి, అక్షరాలు నల్లగా, మిగతాదంతా తెల్లగా ఉండేలా చేయించి సీడీ మీద ఎక్కించాను. సీడీ ప్లేయరు తగిలించి రోజుకు పది గంటలు ఆ బొమ్మ పెడితే 438 రోజులు. పెద్దమ్మతో మాట్లాడాలంటే పలకే. దాని మీద లెక్కంతా రాసి చూపించాను.

పలకను దూరంగా పట్టుకుని చదివింది.

"లెక్క బాగానే ఉంది. నాకు అన్ని రోజులున్నాయో లేదో కూడా వేశావా?"

"ఒక్క వారం చూద్దాం" అని రాశాను.

"వారం రోజులు సున్నం కొట్టిన గోడ చూస్తూ కూర్చోమంటావు. సరే కానీ."

మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష పెట్టాను. ఇరవై వాక్యాలకు మొదటి మాట ఆమె చదవాలి. అవే వార్తలు పైకి కూడా చదువుతారు, నాకు వినబడతాయి కాబట్టి తప్పొప్పులు నేను వేస్తాను. ఏడు సరిపోయాయి.

మరుసటి ఆదివారానికి డెబ్బై గంటలు తెల్ల తెర నడిచింది. మళ్లీ ఇరవై వాక్యాలు. ఈసారి పదకొండు. రేపల్లె స్టేషన్‌లో బండి కోసం కూర్చుని చాలా సంబరపడ్డాను. బండి కదిలాక భాగారం వేశాను. 4,380లో డెబ్బై అంటే నూటికి ఒకటిన్నరకు కాస్త పైన, అంతే. ఒకటిన్నర పాళ్లు పని జరిగితే మార్కులు ఏడు నుంచి పదకొండుకు ఎలా పెరుగుతాయి? తెనాలి చేరేదాకా అదే ఆలోచన.

ఆ వచ్చే వారం సీడీ పెట్టొద్దని ఉత్తరం రాశాను. ఆదివారం వెళ్తే అచ్చు ఎలా ఉందో అలాగే ఉంది, నీలం తెర మీద నా కళ్లతోనే చూశాను. పరీక్ష పెడితే పద్నాలుగు వచ్చాయి.

'ఎలా చదువుతున్నావు?' అని పలక మీద రాశాను.

"ఎలా ఏంటి, నలభై ఏళ్లు పిల్లల చేతిరాత చదివినదాన్ని. కొట్టేసి దాని మీదే ఇంకోటి రాసేవాళ్లు వెధవలు. పైది ఏదో తెలిస్తే కిందది అదే తెలుస్తుంది. దీని పైది ఎప్పుడూ ఒకటే కదరా."

అప్పుడు పలక తుడిచి, ఆపకుండా ఉంచమన్నది నా తప్పని, ఇకమీదట చూడనప్పుడు ఆపేయమని, ఛానళ్లు మార్చి చూడమని రాశాను. అది చదివి, రిమోట్ తీసి వార్తలు పెట్టింది.

"ఇంకో ఇరవై వెయ్యి" అంది.

పదిహేడు వచ్చాయి. తప్పిన మూడింటిలో రెండు నేను తెర దగ్గరికెళ్లి చూసినా పోల్చుకోలేకపోయాను.